రాని కొడుక్కి పెళ్లి

మానసిక వైద్య విభాగంలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ఫోన్లో అంతసేపు మాట్లాడే ఓపిక నాకు లేదు. రిటైరయ్యాక చూసుకుంటే మోకాళ్లే కాదు, గొంతు కూడా అరిగిపోయింది. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవలు, ఎవరు ఎవరి మీద పితూరీలు చెప్పారన్నది ఇందులో ఉండవు. అవి మీకూ ఎదురవుతాయి, అప్పుడు మీరే నేర్చుకుంటారు.

నాది పుంగనూరు. ఉద్యోగం మదనపల్లెలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో. వారంలో ఒకరోజు పుంగనూరులో, ఒకరోజు కుప్పంలో మా క్లినిక్కు ఉండేది. సర్వీసులో సగం జీవితం బస్సుల్లోనే గడిచింది. మిగతా సగం, ఎదుటి మనిషి ఎప్పుడు నోరు విప్పుతాడా అని కూర్చోవడంలో గడిచింది. ఈ ఉద్యోగమంటే అదే. మందులివ్వడం, బీపీ చూడడం ఎవరైనా చేస్తారు. కూర్చోవడమే కష్టం.

బల్ల కింద

మా దగ్గరికి ఎవరూ "నాకు దుఃఖంగా ఉంది" అని రారు. పుంగనూరులో ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు "దిల్ ఘబరాతా" అని, గుండె దడగా ఉందంటారు. తంబళ్లపల్లె వైపు నుంచి మదనపల్లెకు వచ్చే రైతులు "చేతులు పీకుతాండాయి, గ్యాసు పైకి తంతాండాది" అంటారు. బోరు ఎండిపోయిన సంగతి, తమ్ముడు పురుగులమందు తాగి చచ్చిపోయిన సంగతి మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, చెప్పులు వేసుకుంటూ చెబుతారు. అప్పటికి వెనకాల లైను పెరిగిపోయి ఉంటుంది. అయినా సరే, ఆ చెప్పులు వేసుకునే సమయంలో తొందరపెట్టకండి.

యోగేశ్వరి కూడా కడుపులో మంట అనే వచ్చింది. కుప్పంలో. ఆమెది శ్రీలంక. అక్కడి యుద్ధం ముగిశాక పడవలో వచ్చి, తమిళనాడులో సరిహద్దుకు కాస్త అవతల ఉన్న శరణార్థుల శిబిరంలో చేరింది. చిన్నకొడుకు కుమరన్ కుప్పంలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పనికి కుదిరాడు. అధికారుల అనుమతితో ఆమె కూడా కొడుకు దగ్గరికి వచ్చి ఉండేది, మళ్లీ శిబిరానికి పోయేది. వాళ్ల తమిళంలో నర్సును మిస్సీ అంటారు. చివరిదాకా ఆమెకు నేను మిస్సీనే. ఆమె మాటలు ఇక్కడ మా తెలుగులోనే రాస్తున్నాను. కుమరన్ మాత్రం కుప్పం తెలుగు శుభ్రంగా పట్టేశాడు.

మా పెద్ద డాక్టరు గారు ఆమెను మదనపల్లెకు పిలిపించి చూసి, కొడుకు చేత అడిగించారు. శబ్దాలేమైనా వినబడుతున్నాయా? వినబడుతున్నాయంది. రోజూనా? రోజూ. ఎవరో చంపడానికి వస్తున్నట్టు అనిపిస్తుందా? అవును. డాక్టరు గారు తల ఊపి, మతి చలించినవాళ్లకు ఇచ్చే మాత్రలు రాశారు. ఆ మాత్రలతో ఆమె చేతులు వణికాయి, నోరు ఎండిపోయింది. శబ్దాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఉండవా మరి? ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఆమెతో కూర్చుని ఉండగా ఊరి బయట క్వారీలో విజిల్ ఊదారు. కాసేపటికి రాళ్లు పేల్చిన శబ్దం. కుప్పంలో పుట్టి పెరిగినవాళ్లు ఆ శబ్దానికి తల కూడా ఎత్తరు. యోగేశ్వరి నా చెయ్యి పట్టి లాగింది. నేను తేరుకునేసరికి ఇద్దరం బల్ల కింద ఉన్నాం. నా తల మీద ఆమె రెండు చేతులూ కప్పి ఉన్నాయి. తన తల మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రమే డాక్టరు గారికి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, వెంటనే నవ్వు ఆపేసి, మాత్రలు మార్చారు. ఆయన చెడ్డవాడు కాదు. మదనపల్లెలో కూర్చుని కుప్పం శబ్దాలు ఆయనకెలా తెలుస్తాయి? మీరు మాత్రం రోగి ఉండే చోటికి ఒకసారి పోయి ఒక పూట కూర్చోండి. పుస్తకంలో ఉండే లక్షణం ఒక్కోసారి పక్కింటి గోడ అవతలే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆమె కొన్నిసార్లు చెప్పిన రోజుకు రాలేదు. మా వాళ్లు "ఈమె సహకరించదు" అని తేల్చేశారు. నేను కూర్చుని అడిగితే తెలిసింది. శిబిరంలో తనిఖీ రోజున అందరూ అధికారి ముందు ముఖం చూపించాలి. లేకపోతే ఉన్న నీడ కూడా పోతుంది. మా క్లినిక్కు రోజూ ఆ రోజూ ఒక్కటే అయ్యేవి. ఆమెకు మేం వేరే రోజు ఇచ్చాం. అంతటితో సహకారం వచ్చేసింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి

యోగేశ్వరి పెద్దకొడుకు పేరు రాజన్. యుద్ధం చివరి రోజుల్లో జనమంతా చెల్లాచెదురుగా పరిగెడుతుంటే, ఆమె వేరే గుంపులో పడిపోయింది. కొడుకులిద్దరూ ఒకచోట ఉన్నారు. తర్వాత కుమరన్ ఒక్కడే తల్లిని చేరుకున్నాడు. అన్న జనంలో తప్పిపోయాడన్నాడు. అప్పటికి అతను మీసాలు రాని పిల్లవాడు. అప్పటినుంచి ఆమె ఎవరడిగినా ఒకే మాట, "నా పెద్దోడు బతికే ఉండాడు. వస్తాడు."

మా దగ్గరికి వచ్చేనాటికి కుమరన్‌కు ముప్పై దగ్గరపడుతున్నాయి. పాలిషింగ్ యూనిట్లోనే పలకలు కడిగే సుగుణ అనే అమ్మాయి, అతను ఇష్టపడ్డారు. అమ్మాయిది కుప్పం పక్క పల్లె. వాళ్లమ్మ మునెమ్మ గొర్రెలు కాసి బతికిన మనిషి, మొహమాటం తెలియదు. నేరుగా మా క్లినిక్కుకే వచ్చింది.

"సిస్టరమ్మా, పిల్లోడు మంచోడే. తాగడు, తందనాలాడడు. కానీ అన్న ఉండంగా తమ్ముడికి ఎట్ల పెండ్లి చేసేది? పెద్దోడు ఉండాడా, ల్యాడా? ఉండాడంటే వాడికి ముందు కావాల. ల్యాడంటే కర్మ చేసి, ఏడాది గడిసినాక చూసుకుందాం. ఈయమ్మ రెండూ ఒప్పుకోదు. నా కూతురు ఎన్నేండ్లు కాసుకోవాల?"

తప్పు లేదు ఆ మాటలో. సుగుణ కూడా చిన్నపిల్ల కాదు. నా ఎదుట ఒకరోజు "ఇంక ఓపిక ల్యాదు సిస్టర్. ఈ ఏడు కాకుంటే మా మామ చూపిచ్చినోడిని చేసుకోమంటాండారు" అని గోడవైపు తిరిగింది. కుమరన్‌కు తల్లి, ఆ అమ్మాయి తప్ప ఈ దేశంలో ఇంకెవరూ తోడు లేరు. అతను చిక్కిపోతున్నాడు. యోగేశ్వరి క్లినిక్కుకు వస్తే తన సంగతి చెప్పదు. "చిన్నోడికి నిద్దర మందు ఇయ్యి మిస్సీ" అంటుంది.

మా పెద్ద డాక్టరు గారికి ఆలస్యం అమృతం విషం. రోగి ఎక్కడో ఒకచోట తేలాలి, పుస్తకంలో ఆఖరి పేజీ తిరగాలి. "ఈమె దుఃఖం నడిదారిలో ఆగిపోయింది రత్నమ్మా. చావును ఒప్పుకుంటేనే కదులుతుంది. శవం దొరకనివాళ్లకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు కదా, అది చేయించండి" అన్నారు. చదువుకున్న మాటే. పద్ధతి కూడా ఉన్నదే. నాకు తొందరపాటు అనిపించింది, చెప్పాను కూడా. కుమరన్‌ను పిలిపించి ఒప్పించారు. అతను "సరే సార్" అన్నాడు, ఉరికంబం ఎక్కమన్నా అలాగే అనేవాడేమో. యోగేశ్వరి ఏమీ అనలేదు. వచ్చి కూర్చుంది.

కర్మ రోజున పురోహితుడు దర్భలు పరిచి, పద్ధతి ప్రకారం అడిగాడు. "ఏ తిథి? పోనీ, ఆఖరున చూసింది ఎవురు? యాడ చూసినారు?"

అందరూ కుమరన్ వైపు తిరిగారు. కుమరన్ నోరు తెరిచాడు, మాట రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

యోగేశ్వరి దిగ్గున లేచింది. "నా కొడుకు బతికే ఉండాడు! ఎవురూ ఏమీ చెప్పనక్కర్లేదు. లేవండి అందురూ!" దర్భలు కాలితో తోసేసింది. ఎవరెంత పిలిచినా ఆగకుండా బస్టాండుకు నడిచి, శిబిరానికి వెళ్లిపోయింది. మందులు కూడా తీసుకుపోలేదు. నెలల తరబడి రాలేదు. అన్నం సగం మానేసిందని, పగలంతా పడుకునే ఉంటోందని కుమరన్ చెప్పేవాడు.

డాక్టరు గారు "నిరాకరణ" అన్నారు. పెద్ద మాట. నాకూ అలాగే కనిపించింది. ఆమె ఎందుకు లేచిందో ఆ రోజు మాలో ఒక్కరికీ తెలియదు.

కుమరన్ చెప్పింది

ఆ తర్వాత నేను కుమరన్ కోసం పాలిషింగ్ యూనిట్‌కు పోయాను. గేటు బయట టీ బంకు. లోపల యంత్రాల రొద, మాట వినబడాలంటే అరవాలి. "ఇంత రొదలో ఎట్లప్పా పని చేస్తావు?" అన్నాను.

"నాకు రొద కావాల మిస్సీ. ఇది ఆగిపోతే నిద్దర రాదు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే అన్న మాట వినొస్తాది" అన్నాడు. టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. తర్వాత, గ్లాసులోకి చూస్తూ, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"అన్న తప్పిపోలేదు. నా పక్కనే పడిపోయినాడు. నేను ఒళ్లో పెట్టుకున్నా. 'నువ్వు పో, అమ్మ ఒక్కతే ఉండాది' అన్నాడు. ఇంకా ఊపిరి ఉండాది మిస్సీ. ఊపిరి ఉండంగానే వదిలిపెట్టి పరిగెత్తినా. ఎనక్కి తిరిగి చూడలే. ఈ మాట అమ్మకెట్ల చెప్పేది?"

చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అతని కాళ్ల మీద పడితే సరే, తల్లి గుండె మీద పడుతుందని అతని భయం. చెప్పమని నేను ఒత్తిడి చేయలేదు. మీరు కూడా చేయకండి. మనసులో ఉన్నది కక్కేస్తే తేలికవుతుందని శిక్షణలో చెబుతారు. ఒక్కోసారి అవుతుంది. ఒక్కోసారి చెప్పినవాడు తేలికపడి విన్నవాడు కూలిపోతాడు, దాన్ని చూసి చెప్పినవాడు మళ్లీ కూలిపోతాడు. అతనికి మందులు పెట్టించాం, ప్రతి వారం కూర్చోబెట్టి మాట్లాడాను. నిద్ర కొంచెం వచ్చింది. అంతే.

ఈ ఉద్యోగంలో ఒళ్లు అలిసేది నడకకు కాదు. ఒకరి మాట ఇంకొకరికి తెలియకుండా మోయడానికి. యోగేశ్వరి కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆమె కళ్లలోకి చూడలేక బీపీ మిషన్ వైపు చూశాను. కొడుకు చచ్చిపోయాడని నాకు తెలుసు, కన్నతల్లికి తెలియదు, ఇదెక్కడి న్యాయం అనుకునేదాన్ని. ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునేదాన్ని.

కోడలు

దారి చూపింది మునెమ్మే. కూతురు కన్నీళ్లు చూడలేక మళ్లీ వచ్చింది. ఈసారి యోగేశ్వరి కూడా అక్కడే ఉంది.

"మా పెద్దోళ్లు ఒకటి చేస్తా ఉండిరి. అన్నకు యాలనో పెండ్లి కాకుంటే, అరటిచెట్టుకు పసుపుకొమ్ము కట్టిచ్చి, పెద్దోడికి పెండ్లయినట్టే అనుకుంటారు. ఆనక చెట్టు కొట్టేస్తారు. పెండ్లాం పొయినట్టు. ఇంక తమ్ముడికి అడ్డం ఉండదు. ఉండాడా, ల్యాడా అని ఎవురూ అడగపన్లేదు" అంది.

యోగేశ్వరి తల ఎత్తింది. "ఎవురూ ఏమీ అడగరా?"

"అడగరమ్మా."

"అయితే చెయ్యండి."

ఇన్నేళ్లలో నేను చాలా పెళ్లిళ్లకు పోయాను. అలాంటి పెళ్లికి మాత్రం మళ్లీ పోలేదు. కుమరన్ అద్దెకుండే ఇంటి వెనక, వేర్లతో తవ్వి తెచ్చిన అరటిపిలకకు పసుపు గుడ్డ చుట్టారు, బొట్టు పెట్టారు. పెళ్లికొడుకు లేడు. ఫోటో కూడా లేదు, పడవలో ఏమీ తెచ్చుకోలేదు వాళ్లు. "తాళి ఎవురు కట్టేది?" అన్నారు. కుమరన్ కడితే ఆ చెట్టు అతని పెళ్లామవుతుంది. యోగేశ్వరి కొంగు దోపుకుని ముందుకొచ్చి, "వాడి తరఫున నేను కడతా" అని పసుపుతాడు ముడివేసింది. అక్షింతలు వేసి, చెట్టు ఆకు నిమిరింది.

మునెమ్మ వాళ్లన్న కొడవలి తీసుకుని లేచాడు. యోగేశ్వరి చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"ఇంటికొచ్చిన కోడల్ని వచ్చిన రోజే నరుకుతారా? మీరేం మనుషులు?"

"అమ్మా, అది చెట్టు!" అంది మునెమ్మ.

"ఇంతసేపూ కోడలని మీరే కదా అంటిరి?"

ముందు సుగుణకు నవ్వొచ్చింది, తర్వాత అందరికీ. కొట్టకపోతే పెళ్లి చెల్లుతుందో లేదో అని మునెమ్మ సణిగింది. వాళ్లన్న కొడవలి గోడకు ఆనించి, "తాళి పడినాక పెండ్లి పెండ్లే లేవే" అన్నాడు. చెట్టును పెరట్లో, స్నానాల నీళ్లు పారే చోట నాటారు. ఆ నెలలోనే కుమరన్‌కు, సుగుణకు పెళ్లయింది.

డాక్టరు గారికి చెబితే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రత్నమ్మా, మనం ఆమె భ్రమకు నీళ్లు పోస్తున్నాం."

"అన్నం తింటోంది సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తిరిగి పెట్టుకున్నారు. నేను మాత్రం చాలా రోజులు ఆలోచించాను. ఆయన అన్నదే నిజమేమో, నేను కూడా అలసటలో ఏదో ఒక దారి దొరికితే చాలనుకున్నానేమో అని. యోగేశ్వరి పొద్దున్నే లేచి చెట్టుకు నీళ్లు పోసేది, దానితో మాట్లాడేది. క్వారీ పేలితే బయటికి పరిగెత్తి దాని పక్కన నిలబడేది. ఇది బాగుపడడమా? మీరైతే ఏమని రాస్తారు? నేను "నిద్ర బాగుంది, ఆకలి బాగుంది" అని రాశాను. రెండూ నిజమే.

గెల వేసిన తర్వాత

నా సర్వీసు ముగియవచ్చిన రోజుల్లో ఆ చెట్టు గెల వేసింది. పండ్లు వీధంతా పంచారు, నాకూ గెలలోంచి ఒక అత్తం కోసి పంపారు. అరటికి ఒక్కటే కాపు. గెల కోసిన చెట్టును కొట్టేస్తే పక్క పిలకలు పెరుగుతాయని పల్లెలో ఎవరికైనా తెలుసు. ఆ ఇంట్లో మాత్రం కొట్టమని అనే ధైర్యం ఎవరికీ లేదు. చెట్టు అలాగే నిలబడి ఎండిపోసాగింది.

ఒకరోజు సుగుణ ఫోన్ చేసింది. "సిస్టర్, అత్త కొడవలి తీసుకునుండాది. ఎవురినీ దగ్గరికి రానియ్యదు. మీరు రాండి." అప్పటికి ఆమె నిండు నెలలతో ఉంది. నేను పుంగనూరులో దొరికిన బస్సెక్కి, పలమనేరులో మారి కుప్పం చేరేసరికి సాయంత్రమవుతోంది.

యోగేశ్వరి పెరట్లో నేల మీద కూర్చుని ఉంది. చెట్టు పడి ఉంది. మొదలు నుంచి నీరు కారుతోంది. నేను పక్కన కూర్చుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "కోడల్ని కొట్టేసినావా?" అన్నాను.

"కోడల్ని కాదు మిస్సీ. రాజన్‌కు కర్మ చేసినా."

ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"వాడు పొయిన సంగతి నాకు ఆ రోజే తెలుసు. చిన్నోడు ఒక్కడే నాకు ఎదురొచ్చినప్పుడు, వాడి చొక్కా అంతా నెత్తురు. వాడి ఒంటి మీద దెబ్బే లేదు. 'అన్న తప్పిపోయినాడమ్మా' అన్నాడు. 'సరే నాయనా' అన్నా. ఇంకేమనేది? వణకతా ఉండినాడు."

"తెలిసీ బతికుండాడని యాల చెప్పినావమ్మా?"

"పొయినాడంటే అందురూ వాడినే కదా అడిగేది. యాడ పొయినాడు, ఎట్ల పొయినాడు, నువ్వేం చేస్తా ఉండినావు అని. ఆ దర్భలు పరిచినాయన అడగలేదా? బిడ్డ నోరు తెరిచి చచ్చిపోతాండాడు ఆడ, మీరెవురూ చూడలే. పెద్దోడు బతికుంటే చిన్నోడిని ఎవురూ అడగరు. అందుకే బతికిచ్చుకుంటా వచ్చినా. వాడి కోసం ఒక్క దినం గొంతెత్తి ఏడిచింది లేదు." సుగుణ ఉన్న గది వైపు చూసింది. "ఇప్పుడు వాడికి పెండ్లాం ఉండాది, బిడ్డ వస్తాండాది. నిలదొక్కుకున్నాడు. ఇంక నేను ఏడస్తా."

ఏడ్చింది. వాళ్ల దేశపు ఏడుపు, పాటలాగా సాగే ఏడుపు. పేరు పెట్టి పిలిచి, వాడు చిన్నప్పుడు తిన్నవీ, మారాం చేసినవీ అన్నీ తలుచుకుని ఏడ్చింది. రోగి ముందు ఏడవకూడదని మీకు నేర్పి ఉంటారు, మాకూ నేర్పారు. నేను ఏడ్చాను. మేమంతా ఆమెకు చావును ఒప్పించాలని చూశాం. అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆమే.

కుమరన్ పని నుంచి వచ్చేసరికి మేమింకా అక్కడే ఉన్నాం. ఒళ్లంతా రాతిపొడి. చెట్టును చూశాడు, తల్లి ముఖం చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపును నేను మరిచిపోలేను. ఒట్టు తప్పాననుకున్నాడు.

"మిస్సీ ఏమీ చెప్పలే" అంది యోగేశ్వరి. "నేనే చెప్తాండా. అన్న పొయినాడు నాయనా. రా, తలకు నీళ్లు పోసుకో."

అతను కదల్లేదు. "ఎట్ల అని అడగవా అమ్మా?" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు.

"అడగను."

అతను వచ్చి ఆమె ముందు, తడి నేల మీద కూర్చున్నాడు. ఆమె తొట్టిలో చెంబు ముంచి తానే అతని తల మీద పోసింది. రాతిపొడి తెల్లగా ముఖం మీదుగా కారింది. అరచేత్తో తుడిచి, మళ్లీ చెంబు ముంచింది.